అరువు సాక్ష్యం

తాళానికి ఏడు దెబ్బలున్న పాటను నాలుగు దెబ్బల్లోకి దించే పని నాలుగో రోజుకి కూడా తెమల్లేదు.

"ఆపండి," అన్నాడు గిటారన్న, తీగల మీద అరచెయ్యి ఆన్చి. "మళ్ళీ ఒక దెబ్బ ఎక్కువ పడింది."

డ్రమ్ముల వెనక కూర్చున్నవాడు తన కుడికాలి వంక పరాయివాడి కాలిని చూసినట్టు చూసుకున్నాడు. "మనసు మారినంత తేలిగ్గా కాలు మారడం లేదన్నా. పదిహేనేళ్ళ అలవాటు."

అందరూ నవ్వారు. గిటారన్న కూడా నవ్వాడు. ఈ రెండేళ్ళలో అతనికి నవ్వడం వచ్చింది. ఇదివరకైతే చేతికందింది విసిరేసేవాడు. ఇప్పుడు తాగడం మానేశాడు, వెళ్ళిపోయిన భార్యని బతిమాలి తెచ్చుకున్నాడు. మందిరం సభలో చేరిన రోజునుంచీ అతను మంచివాడైపోయాడన్నది కళ్ళముందున్న నిజం. ఆ తరవాత ఆరు నెలలకి డ్రమ్ములవాడు చేరాడు, ఏడాదికి బేసు వాయించే పొడుగాయన చేరాడు. పాటలు కూడా ఒకటొకటిగా చేరిపోతున్నాయి. ఇరవై రెండు నిమిషాల పాట నాలుగు నిమిషాలైంది. సముద్రాన్ని "నువ్వు" అని పిలిచిన పాటలో ఆ నువ్వు ఇప్పుడు దేవుడు. కచేరీల్లో పొగ వదిలే యంత్రం వాళ్ళు సాధన చేసే ఈ టైర్ల గోడౌన్లో ఒక మూల దుప్పటి కప్పుకుని పడుకుంది.

చేరనిది ఇద్దరే. మిక్సరు బల్ల ముందు కూర్చునే సౌండాయన, కీబోర్డు వాయించే అతని బామ్మర్ది. సౌండాయన సొంత బామ్మర్దిని ఆ పేరుతోనే పిలిచేవాడు గనక బ్యాండంతా అలాగే పిలిచేది. చేరినవాళ్ళందరూ ఒకళ్ళనొకళ్ళు సోదరా అనుకుంటున్నారు. కీబోర్డతను మాత్రం ఈ నలభయ్యో ఏట కూడా అందరికీ బామ్మర్దిగానే మిగిలాడు.

"జనం చప్పట్లు కొట్టాలిరా," గిటారన్న డ్రమ్ములవాడికి నచ్చజెప్తున్నాడు. "ఏడులో వాయిస్తే సగంమంది ఒక ఒడ్డున, సగంమంది ఇంకో ఒడ్డున తేలతారు. చప్పట్లు కలిస్తే మనుషులు కలుస్తారు."

ఈ సర్దుబాట్లలో బామ్మర్దికి మిగిలిన పని చాలా చిన్నది. ఒకప్పుడు మూడు అంతస్తుల కీబోర్డుల మధ్య నిలబడి, రెండు చేతులా రెండు లెక్కలు నడిపినవాడు ఇప్పుడు ఎవరైనా మైకు ముందు సాక్ష్యం చెప్తుంటే వాళ్ళ మాటల కింద మెత్తగా నాలుగు స్వరాలు పరుస్తాడు. మాట గట్టిపడితే స్వరం కాస్త పెంచాలి, ఏడుపొస్తే తగ్గించాలి. రేపటినుంచి మూడు సాయంత్రాలు మందిరంలో అదే పని.

వాయిద్యాలు సర్దేటప్పుడు గిటారన్న దగ్గరికొచ్చాడు. "బామ్మర్దీ, ఒక మాట. వేదిక మీద నిలబడే ప్రతివాడూ సాక్ష్యం చెప్పాలంటున్నారు సభ పెద్దలు. నువ్వొక్కడివే మిగిలావు."

"నేను సభలో లేను కదన్నా."

"చేరమని నేను ఎప్పుడైనా అడిగానా? అడగను. నీ బతుకులో సిగ్గుపడ్డది ఒక్కటి, దాచుకున్నది, పైకి చెప్పమంటున్నాను. చెప్పుకుంటే తేలికవుతావు." కాస్త ఆగి, నేల చూస్తూ అన్నాడు: "చెప్పనివాళ్ళని నిలబెట్టడం కుదరదంటున్నారు. సభలో ఒకమ్మాయి ఉంది, మన పాటలన్నీ నేర్చుకుంది. చక్కగానే వాయిస్తుంది."

"నా దగ్గర చెప్పుకోదగ్గదేముందన్నా?"

"వెతుక్కో, దొరుకుతుంది," అన్నాడు డ్రమ్ములవాడు ఇత్తడి పళ్ళాలు సంచిలో దింపుతూ. "నాకు ఒకటి చాలనుకుంటే పదకొండు దొరికాయి."

గోడ పక్కన అతని బావ సౌండాయన మైకు వైరు చుడుతున్నాడు. ఒక చుట్టు పైకి, ఒక చుట్టు కిందకి, మెలి పడకుండా. తల ఎత్తలేదు.

అక్క ఇంటి ముందుగదిలో కుట్టుమిషను మీద నాలుగు తెల్ల చొక్కాలు వరసగా ఉన్నాయి. బ్యాండు బట్టలు ఎప్పుడూ ఆమే కుట్టేది. నల్లకోట్లకి లోపల వెండిరంగు గుడ్డ వేసి కుట్టిన రోజుల్లో సూదులు విరిగేవని తిట్టుకునేది. ఇప్పుడు తెల్ల చొక్కాలు, నాలుగూ ఒకే తీరు.

"చేతులు దించు. ఊపిరి బిగపట్టకురా, ఫొటో తియ్యడం లేదు," అంది, నోట్లో గుండుసూదులతోనే.

"అక్కా, నేను చేసిన తప్పు ఏదైనా చెప్పు."

"ఏం, ఏం చేశావ్?"

"ఏం చెయ్యలేదు. అదే గొడవ. ఏదో ఒకటి చెప్పాలట, రేపు మైకులో."

అక్క సూదులు తీసి చేతిలో పోసుకుని మరీ నవ్వింది. "ఎనిమిదో క్లాసులో నాన్న వాచీ అమ్మి అరిగిపోయిన హార్మోనియం కొన్నావు, అది చెప్పు. నీకు తప్పులు చేసే తీరికెక్కడిది? పొద్దస్తమానం ఆ పెట్టె ముందేగా కూర్చున్నావు. పెళ్ళి చేసుకోమన్నా తీరికలేదన్నావు."

లోపల బావ అన్నం తింటున్నాడు. అక్క అటు తిరిగి కేకేసింది. "ఏమండీ, ఫోను ఎంతుంది?"

"సగముంది."

"సగముందంట!" ఆమె లేచి వెళ్ళి అతని జేబులోంచి ఫోను తీసి గోడకి తగిలించి వచ్చింది. "ఈయన ఫోనుకి ఛార్జింగు నేనే పెడతాను. అత్తయ్య పోయిన రోజునుంచీ నమ్మకం లేదు. ఆసుపత్రిలో ఆవిడ చెయ్యి నా చేతిలో, ఇంకో చేత్తో ఈయనకి ఫోను మీద ఫోను. బ్యాటరీ అయిపోయి కూర్చుంది. ఆవిడ తలుపు వంక చూస్తూనే ఉంది పాపం." భుజం దగ్గర కుట్టు సరిచూసి, దారం పళ్ళతో తెంపింది. "ఏ జన్మలో చేసుకున్నానో, ఒక బ్యాటరీ మీద కోపం పెట్టుకుని పదకొండేళ్ళు బతుకుతున్నా."

లోపల కంచం మీద చెయ్యి ఆగిన చప్పుడైంది, అంటే ఏ చప్పుడూ లేకుండా పోయింది.

బామ్మర్ది ఎదురుగా ఉన్న అద్దంలో తన మొహం చూసుకోలేదు. బ్యాటరీ అయిపోలేదని అతనికి తెలుసు. ఆ సాయంత్రం కచేరీలో బావే ఫోను కట్టేశాడు. మిక్సరు పక్కన ఫోను మోగబోతే స్పీకర్లలో గుర్రుమని రొద వస్తుంది. అందుకని కట్టేశాడు, కట్టేసి పని చూసుకున్నాడు. ఆ సంగతి ఎన్నో ఏళ్ళ కిందట వ్యానులో, ఎదురుగా రోడ్డు తప్ప ఎవరూ లేనప్పుడు, బావ ఒక్కసారి చెప్పాడు. "మీ అక్కకి చెప్పకు," అనైనా అనలేదు. చెప్పడని అనుకున్నాడు.

మొదటి సాయంత్రం మందిరం హాల్లో ఐదువందలమంది. ప్లాస్టిక్ కుర్చీలు, పైన పంకాలు. నాలుగు దెబ్బల పాటకి ఐదువందల జతల చేతులు ఒక్కటిగా పడ్డాయి. అతని ఒళ్ళు జలదరించింది, ఒప్పుకోక తప్పదు. ఏడు దెబ్బల రోజుల్లో వాళ్ళకి అంత చప్పుడు ఎన్నడూ రాలేదు.

తరవాత గిటారన్న అతని వంక చెయ్యి చాపాడు.

అతను కీబోర్డు వదిలి మైకు దగ్గరికి నడిచాడు. మాటల కింద స్వరాలు పరిచేవాడు తనే గనక, ముందే తను వాయించి పెట్టిన ముక్క బావ మిక్సర్లోంచి వేశాడు. తన స్వరాలు తన కాళ్ళ కిందకి వచ్చి నిలబడ్డాయి.

"నేను... చిన్నప్పుడు మా నాన్న వాచీ అమ్మేశాను," అని మొదలుపెట్టాడు.

ముందు వరసలో ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. ఎవరో దగ్గారు. కుర్చీలు కిర్రుమన్నాయి. ఆ చప్పుళ్ళు అతనికి బాగా తెలుసు, జనం చేజారిపోతున్నప్పుడు వచ్చే చప్పుళ్ళు. కచేరీల్లో అలాంటప్పుడు చెయ్యి దానంతటదే పెద్ద స్వరం మీదికి పోతుంది. ఇప్పుడు నోరు పోయింది.

"నాకు అన్నం పెట్టిన ఒక తల్లి ఉండేది. ఆవిడ ఆసుపత్రిలో ఉంది. నేను కచేరీలో ఉన్నాను. నా ఫోను మోగుతోంది. ముప్ఫైసార్లు మోగింది. రొద వస్తోందని నేను దాన్ని కట్టేశాను."

హాలు ఆగిపోయింది. పంకాలు మాత్రం తిరుగుతున్నాయి.

అతను చెప్పాడు. తలుపు వంక చూస్తూ పోయిన కళ్ళ గురించి చెప్పాడు. బ్యాటరీ అయిపోయిందని ఇంట్లో అబద్ధం చెప్పానన్నాడు. అత్తయ్య అతనికి అన్నం పెట్టిన మాట నిజమే, చదువుకునే రోజుల్లో మూడేళ్ళు పెట్టింది. ఆ ఒక్క నిజం పట్టుకుని తక్కినదంతా ఈదేశాడు. స్వరాలు సరిగ్గా అక్కడ పెరిగాయి, ఇక్కడ తగ్గాయి. వాటిని పెంచి తగ్గిస్తున్న చెయ్యి హాలు చివర చిన్న దీపం కింద ఉంది. మొహం మాత్రం చీకట్లో ఉంది.

ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకున్నారు. గిటారన్న వచ్చి గట్టిగా వాటేసుకున్నాడు. అతని చెంపలు తడిగా ఉన్నాయి. "సోదరా," అన్నాడు చెవిలో.

మర్నాడు పొద్దున టీ గ్లాసు పట్టుకుని మందిరం పక్కగదిలోకి వెళితే, బావ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. రాత్రి సాక్ష్యాలన్నీ శుభ్రం చేసి సభవాళ్ళ ఫోన్లకి పంపాలి, అది కూడా సౌండాయన పనే. తెర మీద బామ్మర్ది గొంతు పచ్చటి గీతలుగా, గుట్టలు గుట్టలుగా పరుచుకుని ఉంది. బావ ఒక చిన్న గుట్టని ఎంచుకున్నాడు, కోశాడు, అటూ ఇటూ అతికాడు. వెనక్కి జరిపి మళ్ళీ విన్నాడు.

గ్లాసు బల్ల మీద పెట్టి బామ్మర్ది నిలబడ్డాడు. క్షమించు బావా అనాలని వచ్చాడు. ఆ మాట అంటే తరవాత చాలా మాటలు చెప్పాల్సి ఉంటుంది.

బావ ఒక చెవి బయటపెట్టాడు. "వాచీ ముక్క తీసేశాను. మధ్యలో ఎవరిదో దగ్గు పడింది, అదీ తీసేశాను."

"బావా..."

"టీ చల్లారిపోతుంది," అని మళ్ళీ చెవి మూసుకున్నాడు.

బావ నవ్వడమో తిట్టడమో చేస్తే బాగుండేది. చొక్కా పట్టుకుంటే ఇంకా బాగుండేది. అందరిలో తనని నగ్నంగా నిలబెట్టినవాడికి బావ గొంతు శుభ్రం చేసి పెడుతున్నాడు.

రెండో సాయంత్రం వాచీ లేకుండానే మొదలుపెట్టాడు. జనం ఎక్కువ వచ్చారు, మొదటిరోజు విన్నవాళ్ళు చుట్టాలని తెచ్చారు. "నా ఫోను మోగుతోంది" అన్నాక ఆగాడు. రెండు దెబ్బలు లెక్కపెట్టుకుని, అప్పుడు "కట్టేశాను" అన్నాడు. హాలంతా ఒక్క ఊపిరి పీల్చింది. అంత బాగా పడిందని లోపల ఎక్కడో సంతోషం కూడా కలిగింది. మైకు దగ్గరనుంచి కీబోర్డు దాకా నాలుగడుగులు. ఆ నాలుగడుగుల్లో సంతోషం పోయి, ఒళ్ళంతా మురికి పట్టినట్టయింది. లెక్కపెట్టాను. అత్తయ్య చావుకి నేను దెబ్బలు లెక్కపెట్టాను.

మూడోరోజు మధ్యాహ్నం హాల్లో ఇద్దరే ఉన్నారు. వైర్లు నేల మీద కదలకుండా బావ టేపు అంటిస్తుంటే, బామ్మర్ది మోకాళ్ళ మీద వెనకే పాకుతూ చదును చేస్తున్నాడు. మొహాలు కనబడని పని కావడంతో ధైర్యం చిక్కింది.

"బావా, నేను చేసింది మనిషి చేసే పని కాదు."

బావ టేపు చించాడు. "ముప్ఫైసార్లు కాదు."

"ఏంటి?"

"నువ్వు ముప్ఫై అంటున్నావు. నలభై ఒకటి. మర్నాడు ఫోను తెరిస్తే వచ్చిన మిస్డ్ కాల్ మెసేజీలు లెక్కపెట్టాను." ఇంకో మూర లాగి అంటించాడు. "ఆ రికార్డింగు నేను తొమ్మిదిసార్లు విన్నాను, తెలుసా. కోసి అతకడానికి రెండుసార్లు చాలు. మిగతా ఏడుసార్లు ఎందుకు విన్నానంటే, వీడెలా చెప్పగలిగాడా అని. పదకొండేళ్ళనుంచి మీ అక్క పక్కన పడుకుని రోజూ నోటిదాకా తెచ్చుకుంటాను, రాదు. నీకు గడగడా వచ్చేసింది. నీది కాదుగా, అందుకు."

బామ్మర్దికి తల కొట్టేసినట్టయింది. టేపు మీద బొటనవేలు ఒకేచోట రుద్దుతూ ఉండిపోయాడు.

"ఇంకోటి కూడా తప్పు చెప్తున్నావు," బావ గొంతు మామూలుగానే ఉంది, వైరు ఎటు పోవాలో చెప్తున్నట్టే ఉంది. "రొద వస్తోందని నాకు నేనుగా కట్టెయ్యలేదు. ఫోను మీద మీ అక్క పేరు కనబడగానే ఎత్తబోయాను. లేచాను కూడా. అప్పుడు నీ సోలో నడుస్తోంది, ఆ పొడుగుది. స్పీకర్లో గుర్రుమంది. నువ్వు తలెత్తి చూశావు. చేతులు తియ్యకుండా తలతో ఇలా అన్నావు." బావ మెడ ఒక్కసారి అడ్డంగా విదిలించి చూపించాడు. "కట్టెయ్, కూర్చో అని. కూర్చున్నాను."

హాలు బయట ఎవరో కుర్చీలు దించుతున్నారు. ఒకటి మీద ఒకటి.

ఆ సోలో అతనికి గుర్తుంది. గుర్తుండకపోవడమేంటి, అతని బతుకులో అంత బాగా ఇంకెప్పుడూ వాయించలేదు. ఇప్పటికీ పాత అభిమానులు ఎక్కడైనా కనబడితే దాని గురించే అడుగుతారు. మధ్యలో రొద వచ్చిందనీ, చిరాకుపడ్డాననీ, తల విదిలించాననీ కూడా ఎక్కడో గుర్తే. ఎవరి వంక చూసి విదిలించాడో మాత్రం గుర్తుపెట్టుకోలేదు.

"వ్యానులో చెప్పినప్పుడు ఇది చెప్పలేదేం బావా?"

"నీకెందుకు చెప్పాలి? నువ్వు తల ఊపావు. కట్టేసిన చెయ్యి నాది." టేపు చుట్ట సంచిలో పడేసి, నడుం పట్టుకుని లేచాడు. "చెప్పినా నీకు అన్నం సహించకపోవడం తప్ప అమ్మ లేచొస్తుందా? ఇవాళ మాత్రం చెప్పాలనిపించింది. ఊరంతా నిన్ను చూసి ఏడుస్తుంటే... నాక్కూడా మనసు ఉంటుంది కదరా."

అతను వేదిక వైపు నడుస్తూ, వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "సాయంత్రం మీ అక్క వస్తోంది. పక్కింటావిడ నీ సాక్ష్యం ఫోనులో వినిపిస్తానందట. ఫోనులో ఎందుకు, తిన్నగా వచ్చి వింటానంది."

"ఏం చెయ్యమంటావు?"

"నన్నడుగుతావేంట్రా? మైకు నీ చేతిలో ఉంది."

అక్క ఇస్త్రీ చీర కట్టుకుని అరగంట ముందే వచ్చింది. మందిరం మెట్ల దగ్గరే ఆపి, చెప్పులు విడిచే అరల పక్కకి తీసుకెళ్ళాడు. తమ్ముడు గొప్పవాడైపోయాడని ఆమె మొహం వెలుగుతోంది. "కాలరు నలిగిందేంట్రా," అంటూ చెయ్యి చాపింది.

ఆ చెయ్యి పట్టుకుని ఆపి చెప్పాడు. బ్యాటరీ అయిపోలేదక్కా, అని మొదలుపెట్టాడు. ఎక్కడా ఆగలేదు, గొంతు తగ్గించలేదు. తల ఎలా విదిలించాడో కూడా చూపించాడు. బావ లేచాడనీ, తన వల్లే కూర్చున్నాడనీ చెప్పాడు. రెండు సాయంత్రాలు లోపల ఏం చెప్పాడో చెప్పాడు.

జనం పక్కనుంచి లోపలికి పోతున్నారు. ఇద్దరు ముగ్గురు అతన్ని గుర్తుపట్టి చేతులు జోడించారు.

అక్క తన చెయ్యి విడిపించుకుంది.

"ఆవిడ పోయిన వారానికి ఆ కచేరీ పాట నాకు వినిపించావు, గుర్తుందా?" అంది. "నా మనసు బాగుపడుతుందని. నేను బాగుందిరా అన్నాను. ఇంకోసారి పెట్టమన్నాను."

ఆమె లోపలికి పోతున్న జనం వంక చూసింది.

"నిన్నా మొన్నా ఎంతమంది విన్నారు?"

"వెయ్యిమంది దాకా."

"వెయ్యిమంది తరవాత నాకు చెప్పావు." ఆమె గొంతులో కోపం కూడా లేదు. అదే భరించలేనిదిగా ఉంది. "ఆయనేమో ఇంకా చెప్పనే లేదు." కొంగు భుజం చుట్టూ లాక్కుని ఆమె హాల్లోకి వెళ్ళిపోయింది.

గిటారన్న వెతుక్కుంటూ వచ్చాడు. "సోదరా, టైమైంది. ఏంటలా ఉన్నావు?"

"నేను చెప్పింది నా కథ కాదన్నా. మా బావది. నాకు తెలియకుండా అందులో నాదీ ఉంది, అది నేను చెప్పలేదు."

గిటారన్న మొహంలో రంగు పోయింది. కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తెరిచినప్పుడు అతని కళ్ళు నిజంగానే దయగా ఉన్నాయి. భుజం మీద చెయ్యి వేశాడు. "అయితే లోపలికొచ్చి ఈ మాటే చెప్పు. అబద్ధం ఆడానని చెప్పు. అంతకన్నా పెద్ద సాక్ష్యం నేను వినలేదు."

ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణంలో బామ్మర్ది బుర్రలో మాటలు వరసకట్టేశాయి. "రెండు రోజులు నేను మీకు అబద్ధం చెప్పాను" అనాలి, ఆగాలి, నాలుగు దెబ్బలు లెక్కపెట్టాలి, అప్పుడు తల విదిలించి చూపించాలి. స్వరాలు ఎక్కడ తగ్గాలో కూడా వినబడింది. హాలు ఏడవడం వినబడింది. ఇంత జరిగాక కూడా తన లోపల ఉన్నవాడు ఇంకా వాయిస్తూనే ఉన్నాడని తెలిసి, నిలబడినచోటే చచ్చిపోవాలనిపించింది.

"వద్దన్నా."

"చెప్పకపోతే కూర్చోబెట్టలేను. తెలుసుగా?"

"తెలుసు. ఆ అమ్మాయిని పిలు."

గిటారన్న ఇంకేదో అనబోయి, చెయ్యి తీసేసి లోపలికి వెళ్ళాడు. పంతొమ్మిదేళ్ళు కలిసి వాయించారు. విడిపోవడానికి చెప్పులు విడిచేంత సేపు పట్టింది.

లోపల చప్పట్లు మొదలయ్యాయి. అతను వెనక తలుపులోంచి చూశాడు. హాలంతా వేదిక వైపు తిరిగి ఉంది. అక్క ఒక్కతే మిక్సరు బల్ల పక్కన, బావ వైపు తిరిగి నిలబడింది. ఏం అడిగిందో గానీ బావ మొహం మాడిపోయి ఉంది. అతని రెండు చేతులూ మీటల మీదే ఉన్నాయి. వేదిక మీద నలుగురి గొంతులు, వాయిద్యాలు ఆ వేళ్ళ కిందే ఉన్నాయి. తీస్తే పాట కూలిపోతుంది. అతను అక్క వంక చూస్తాడు, వేదిక వంక చూస్తాడు, మళ్ళీ అక్క వంక చూస్తాడు. సగం లేచాడు, కూర్చున్నాడు.

బామ్మర్ది గోడవారగా నడిచి వెళ్ళి బావ కుర్చీ వెనక నిలబడ్డాడు. వంగి, అతని వేళ్ళ పక్కనే తన వేళ్ళు పెట్టాడు.

"నేను చూస్తాను. నువ్వు వెళ్ళు బావా."

బావ కదల్లేదు.

"లే బావా."

బావ చేతులు ఒకటొకటిగా వచ్చేశాయి. లేచాడు. అక్క ముందు నడిచింది, అతను వెనక నడిచాడు. తలుపు మూసుకుంది. ఆ తలుపు అవతల ఏం మాట్లాడుకుంటారో వినే హక్కు తనకి లేదు.

కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. వేదిక మీద రెండు జడల అమ్మాయి కీబోర్డు ముందు బిగుసుకుపోయి కూర్చుని వాయిస్తోంది. జాగ్రత్తగా, తప్పు లేకుండా వాయిస్తోంది గానీ గిటారు చప్పుడు కింద పడి వినబడటం లేదు. ఎవరూ వినకపోతే వాయించేవాళ్ళకి ఎలా ఉంటుందో అతనికి తెలుసు. ఆమె కీబోర్డు మీట వెతికి, మెల్లగా పైకి జరిపాడు.